కొస గోడ దగ్గర నీళ్ళు తిరిగిన రోజు

పడవ నడిపే సరంగు కాసిమిరోకి పిత్తాశయంలో రాళ్ళట. తెల్లవారుతుండగా నొప్పికి మెలికలు తిరిగిపోతుంటే ఆసుపత్రిలో చేర్చారట. రేవు దగ్గర, తడకలతో కట్టిన ఆఫీసులో కూర్చునే చాయో ఈ కబురు చెప్పేసరికి నెరేదా రబ్బరు సూటు నడుం దాకా ఎక్కించుకుని, గాలి సిలిండర్లు ఒక్కొక్కటే తట్టి చూసుకుంటోంది.

"మరి పడవ?" అంది నెరేదా.

చాయో నారింజపండు ఒలుస్తూ తలెత్తలేదు. "పడవకేం, ఉందక్కా. సరంగే..."

"ఎవరు?"

"తిట్టనంటే చెబుతా."

"చాయో."

"మీ బావగారు."

నెరేదా చేతిలోని బెల్టు కింద పెట్టింది. "కొజుమెల్ దీవి మొత్తం మీద ఇంకో సరంగు దొరకలేదా నీకు?"

"ఇది టేకు చేపలొచ్చే నెల, ఊరినిండా వాటిని చూడ్డానికి వచ్చినవాళ్ళే. ఈ నెలలో సరంగు కోసం వెతకడమంటే పెళ్ళిళ్ళ రోజుల్లో వంటవాడి కోసం వెతకడమే. రుఫీనో ఒక్కడే ఖాళీగా ఉన్నాడు. ఎందుకు ఖాళీగా ఉన్నాడో నన్నడగకు, నీకే బాగా తెలుసు." చాయో ఒక తొన ఆమె చేతిలో పెట్టింది. "ఆ పుయెబ్లా ఊరినుంచి వచ్చినాయనా, కూతురూ ఇందాకే వచ్చి కూర్చున్నారు. ఇవాళ్టితో వాళ్ళ సెలవైపోతుంది. వద్దంటే చెప్పు, నేను వెళ్ళి వాళ్ళకి చెబుతా. తిట్లు నేనే తింటాను."

నెరేదా ఆ తొన నోట్లో వేసుకోలేదు, పారెయ్యనూ లేదు. అలాగే పట్టుకుని రేవు వైపు నడిచింది.

ఆరేళ్ళ క్రితం ఇలాంటి చలికాలంలోనే ఆమె భర్త అన్సెల్మో సముద్రంలోకి దిగి తిరిగి రాలేదు. అతనూ ఆమెలాగే, అతిథుల్ని నీళ్ళ కిందికి తీసుకెళ్ళే గైడే. ఆ రోజు అతిథుల్ని ఒడ్డున దింపేశాక, సుత్తితల సొరలు వచ్చాయని ఎవరో అంటే, ఒక్కసారి చూసొస్తానంటూ తన అన్నయ్య రుఫీనో పడవలోనే మళ్ళీ, దీవి దక్షిణపు కొసన నీళ్ళ కింద నిలువునా దిగే కొస గోడ దగ్గరికి పోయాడు. తమ్ముడు దిగాడు, అన్న పైన బుడగలు చూస్తూ ఉండిపోయాడు. ఈ దీవిలో దిగేవాళ్ళెవరూ లంగరు వెయ్యరు. మనిషి కింద ప్రవాహంలో కొట్టుకుపోతుంటాడు, పడవ పైన బుడగల వెంట పోతుంటుంది. అదొక నమ్మకం. ఆ రోజు ఉత్తరపు గాలి అనుకున్నదానికంటే ముందే విరుచుకుపడింది. వానలో బుడగలు కనపడలేదు. అన్సెల్మో కూడా కనపడలేదు, ఆ రోజూ, ఆ తరవాతా.

అత్తగారి ఇంట్లో, బంధువులందరి ముందూ, రుఫీనో తడిబట్టలతో గుమ్మంలో నిలబడి ఉంటే నెరేదా అన్న మాట ఊరంతటికీ తెలుసు. "సొంత తమ్ముడు కిందుంటే చూపు తిప్పుకున్న మనిషికి కళ్ళెందుకు?" అంది. ఆ తరవాత గైడ్లందరూ అతని పడవ ఎక్కడం మానేశారు. ఎవరూ పైకి అనలేదు. ఒకరికి నడుం నొప్పి, ఒకరికి వేరే చోట మాట ఇచ్చిన పని. అతను చేపలు పట్టుకుంటూ, సిమెంటు బస్తాలు మోసుకుంటూ బతికాడు. గాలి హెచ్చరిక రాగానే అందరూ పడవల్ని మడ అడవుల చాటుకి లాక్కుంటే అతను మాత్రం సముద్రం మీదికి పోతాడనీ, మతి చలించిందనీ చెప్పుకునేవారు. నెరేదా ఆ మాటలు విని ఊరుకునేది.

పడవలో పుయెబ్లా ఆయన అప్పటికే సూటులోకి దూరడానికి నానా అవస్థా పడుతున్నాడు. పేరు బల్తాసార్. మాంసం కొట్టు. పెద్ద పొట్ట, పెద్ద చేతులు, చిన్న గొంతు. కూతురు మిరెయా బడిపంతులమ్మ. యాభై దాటిన తండ్రిని పందెం కట్టి నీళ్ళలోకి దింపింది ఆ పిల్లే. అంతకుముందు రెండు రోజులూ నెరేదాతోనే దిగారు.

"ఇవాళైనా చూపిస్తావా తల్లీ, ఆ సుత్తితలాయన్ని?" అన్నాడు బల్తాసార్.

"ఆయన ఇష్టం. మన చేతిలో ఏముంది."

"బతుకంతా నేను జంతువుల్ని కోశాను. నన్ను కొయ్యగల జంతువుని ఒక్కసారి కళ్ళారా చూడాలని ఉంది."

"నిన్ను కొయ్యాలంటే దానికి ఇంకో సుత్తి కావాలి నాన్నా," అంది మిరెయా, వీపు మీద జిప్పు లాగుతూ.

రుఫీనో చుక్కాని దగ్గర నిలబడి ఉన్నాడు. జుట్టు బాగా నెరిసింది. నెరేదా పడవెక్కేటప్పుడు చెయ్యందించబోయి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. దీవి పక్కనుంచి దక్షిణానికి పోతున్నంతసేపూ చుక్కాని వదల్లేదు. చివరికి, ఇంజను వైపు చూస్తూ, ఇంజనుతోనే చెబుతున్నట్టు అన్నాడు.

"గాలి సాయంత్రానికి అంటున్నారు రేడియోలో. నాకేమో మధ్యాహ్నానికే దిగేలా ఉంది. కొసకి వద్దు. ఈ పక్కన లోతు తక్కువ చోట దిగండి. చేపలు ఇక్కడా ఉంటాయి."

నెరేదా ఆకాశం చూసింది. మచ్చ లేదు. నీళ్ళు నూనె పోసినట్టున్నాయి. కాసిమిరో ఈ మాట అని ఉంటే ఆమె సరేననేది. ఆ సంగతి ఆమెకి అప్పుడే తెలుసు.

"వీళ్ళు కొస గోడ చూడాలని వచ్చారు. కొసకే పోనివ్వండి," అంది. ఆరేళ్ళలో అతనితో ఆమె అన్న మొదటి మాట అదే.

రుఫీనో చుక్కాని తిప్పాడు.

కొస గోడ దగ్గర వెనక్కి ఒరిగి దిగిపోయారు ముగ్గురూ. ఇసుక గట్టు మీదుగా పోయి అంచు దాటగానే కింద నేల లేదు. పక్కన గోడ, కింద నీలం, ఆ నీలం కింద ఇంకా ముదురు నీలం. కాళ్ళు కదపనక్కర్లేదు. ప్రవాహమే ఎత్తుకుని పోతుంది. రైలు కిటికీ దగ్గర కూర్చున్నట్టు గోడ పక్కనుంచి వెళ్ళిపోతూ ఉంటుంది. గాదెలంత లావు స్పంజి గొట్టాలు, నల్లటి పగడపు చెట్లు, గుహ నోట్లోంచి మూతి మాత్రం బయటపెట్టిన ముసలి బొంత చేప. నెరేదా ముందు, మిరెయా పక్కన, బల్తాసార్ కాస్త వెనక. అతని ఊపిరి ఎక్కువే గాని ఇవాళ నెమ్మదిగానే పీలుస్తున్నాడు.

గోడ మలుపు తిరిగే చోట టేకు చేపలు కనిపించాయి. ప్రవాహానికి ఎదురుగా, రెక్కలు ఆడీ ఆడనట్టు ఆడిస్తూ, వీపంతా తెల్ల చుక్కలతో, గాలికి నిలబెట్టిన గాలిపటాల్లా వరసగా నిలబడి ఉన్నాయి. మిరెయా రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుంది. నెరేదా వాళ్ళని ఒక రాతి చాటున ఆపింది. టేకు చేపలు వాళ్ళని చూశాయి, పట్టించుకోలేదు. ఉన్నట్టుండి అవన్నీ ఒక్కసారే పక్కకి వాలి, విడిపోయి, గోడ పైకి ఎగిరిపోయాయి.

ఎందుకో నెరేదాకి తెలుసు. వెనక్కి తిరిగి నీలంలోకి చూసింది.

అది కిందనుంచి వచ్చింది. మొదట వీపు మీది నిలువు రెక్క, ఎత్తుగా, కొడవలిలా. తరవాత ఆ వెడల్పాటి తల, అటో కన్నూ ఇటో కన్నూ. వాళ్ళ పడవంత పొడుగుంది. తొందర లేదు. తోక ఒక్కసారి ఊపి, వాళ్ళ ముందునుంచి పక్కగా పోతూ, ఒక కంటితో ముగ్గుర్నీ చూసి, చుట్టు తిరిగి మళ్ళీ వచ్చింది. ఒంటి మీద పాత గాయాల గీతలు కూడా కనపడేంత దగ్గరికి వచ్చింది. బల్తాసార్ ఊపిరి బిగబట్టాడు. నీళ్ళ కింద ఊపిరి బిగబట్టకూడదు, నెరేదా అతన్ని వారించాల్సింది. కాని తనూ ఊపిరి బిగబట్టే ఉంది. ఇన్నేళ్ళ పనిలో ఇంత పెద్దదాన్ని ఆమె చూడలేదు. దీనికోసమే కదా దిగాడు అన్సెల్మో అనుకుంది. అతను చూశాడా, చూశాకే పోయాడా అని కూడా అనుకుంది. అది మూడోసారి తిరిగి, నీలంలోకి నెమ్మదిగా దిగిపోతుంటే, ముగ్గురూ తెలియకుండానే దాని వెంట కొంచెం కొంచెంగా జరిగారు.

చెవుల్లో పోటు వచ్చినప్పుడు నెరేదా గోడ కోసం చూసింది. గోడ లేదు. పైకి చూసింది. తన నోట్లోంచి వచ్చిన బుడగలు పైకి పోవడం లేదు. భుజాల పక్కగా, ముఖం ముందుగా, కిందికి పోతున్నాయి. నీళ్ళు వాళ్ళని బావిలోకి చేద దించినట్టు దించుతున్నాయి.

ఆమె బల్తాసార్ ఛాతీ పట్టీని ఒక చేత్తో, మిరెయా చేతిని ఇంకో చేత్తో అందుకుంది. పైకి ఈదబోతున్న పిల్లని బలంగా పక్కకి లాగింది. కిందికి లాగే నీటితో పైకి పోరాడితే గాలి అయిపోతుంది, మనిషి అయిపోతాడు. దాన్ని అడ్డంగా దాటాలి. గోడకి దూరంగా, ఇంకా నీలంలోకి, ఆ సొర పోయిన వైపే ఈదింది. తొడలు మండిపోయాయి. బల్తాసార్ కళ్ళు అద్దం వెనక తెల్లగా తిరుగుతున్నాయి. ఆమె కళ్ళలోకే చూడమని సైగ చేసింది. చూశాడు. ఆ చూపు వదల్లేదు.

ఎంతసేపటికో నీళ్ళు పట్టు వదిలాయి. అంత గట్టిగా పట్టినవి, ఏమీ ఎరగనట్టు వదిలేశాయి. మెల్లగా పైకి లేచారు. లోతులో ఒంట్లోకి చేరిన గాలి దిగిపోవడానికి నీటి పైపొరకి కొంచెం కింద కాసేపు ఆగి తీరాలి. అక్కడ బల్తాసార్ గాలి అడుగంటింది. నెరేదా తన సిలిండరుకున్న రెండో ఊపిరి గొట్టం అతని నోట్లో పెట్టి, పడవకి కనపడేలా గాలి నింపిన నారింజ రంగు సంచిని తాడుతో పైకి వదిలింది. అది పైకి పోయి, నీటి మీద పడి కొట్టుకోవడం కిందనుంచి చూసింది. పైన వెలుగు బూడిద రంగులో ఉంది. నీటి పైపొర అంతా సూదులు గుచ్చినట్టు పొక్కుతోంది.

తల బయటపెట్టేసరికి వాన. ఎదురుగా అల, వెనక అల. దీవి లేదు, పడవ లేదు.

నెరేదా ఈల ఊదింది. ఆ ఈల ఆమెకే సరిగ్గా వినపడలేదు. తాడుతో ముగ్గుర్నీ నడుముల దగ్గర కట్టింది. మునగడానికి కట్టుకున్న బరువుల బెల్టులు వదిలెయ్యమంది. బల్తాసార్ తన బెల్టు వదులుతూ, "ఇన్నాళ్ళకి సన్నబడ్డాను," అన్నాడు. ఎవరూ నవ్వలేదు, అతను కూడా.

వాన తగ్గింది. గాలి తగ్గలేదు. అల పైకెత్తినప్పుడు ఒక్కసారి, చాలా దూరాన, దీవి సన్నగీతలా కనిపించింది. అది ఉండాల్సిన వైపు లేదు. నెరేదాకి మొదట అర్థం కాలేదు, తరవాత అర్థమైంది. కొస దగ్గర నీళ్ళు ఎప్పుడూ ఉత్తరానికి, ఊరి వైపుకి పోతాయి. వీళ్ళు కొస చుట్టూ తిరిగి తూర్పు వైపుకి వచ్చేశారు. ఇటు పడవలు రావు. వెతికేవాళ్ళు అటే వెతుకుతారు. ఈ సంగతి వాళ్ళకి చెప్పలేదు.

"మనకోసం వస్తారా అక్కా?" అంది మిరెయా. పళ్ళు కొట్టుకుంటున్నాయి.

"వస్తారు. కాళ్ళు ముడుచుకో. నాన్నని ఆనుకో."

"ఆయనెవరు, ఆ సరంగు? మీరు పడవలో ఆయన్ని ఒక్కసారైనా చూడలేదు. ఆయనేమో మీ వైపే చూస్తున్నాడు."

"మా బావగారు."

"మంచోడేనా?"

నెరేదా ఆ పిల్ల నడుం దగ్గరి తాడు సరిచూసింది. "నాకు తెలీదు," అంది.

బల్తాసార్ కాలికి తిమ్మిరి పట్టి అరిస్తే, నెరేదా నీళ్ళలోనే అతని పిక్క పిసికింది. అతను గ్వాడలూపే తల్లికి మొక్కుకున్నాడు. తరవాత కొట్టు ఎవరికి అప్పగించాలో కూతురికి చెప్పబోతే, ఆ పిల్ల అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "ఇంటికెళ్ళాక చెబుదువుగాని నాన్నా."

పొద్దు వాలుతోంది. అన్సెల్మో కూడా ఇలాగే పైకి వచ్చి ఉంటాడన్న ఆలోచన అప్పుడు వచ్చింది నెరేదాకి. అంతవరకూ అతను కిందే పోయాడనుకుంది. ఒక్క క్షణంలో, నొప్పి తెలియకుండా, ఆ సొరని చూస్తూ. కానీ అతను తనకంటే గట్టివాడు. తను రాగలిగితే అతనూ వచ్చి ఉంటాడు. ఇలాగే ఈల ఊది ఉంటాడు. ఆ ఆలోచనని ఆమె దూరంగా నెట్టలేకపోయింది. మిరెయా చెయ్యి గట్టిగా పట్టుకుని, ఈలని మళ్ళీ నోట్లో పెట్టుకుంది.

ఇంజను చప్పుడు మొదట బల్తాసార్‌కి వినపడింది. నెరేదా నమ్మలేదు. మూడు అలల తరవాత పడవ ముక్కు కనిపించింది. రుఫీనో పైకప్పు ఎక్కి నిలబడి, చుక్కానికి కట్టిన తాడుతో పడవని నడుపుతున్నాడు. వాళ్ళని చూడగానే కిందికి దిగాడు. గబగబా దగ్గరికి రాలేదు. గాలికి ఎదురుగా చుట్టు తిప్పి, పడవ వాళ్ళ మీదికి ఒరగకుండా పక్కన నిలిపి, ముందు పిల్లని, తరవాత తండ్రిని లాగాడు. బల్తాసార్‌ని ఎక్కించేసరికి అతనికి ఊపిరి ఆడలేదు. ఆఖర్న నెరేదాకి చెయ్యందించాడు. ఈసారి వెనక్కి తీసుకోలేదు.

పొడి దుప్పట్లు, ఫ్లాస్కులో చక్కెర దట్టించిన కాఫీ ఇచ్చి, రేడియో అందుకున్నాడు. "ముగ్గురూ దొరికారు. బాగానే ఉన్నారు."

"ఎక్కడ?" అంది రేడియోలో గొంతు. అతను చెప్పాడు. "అక్కడేం చేస్తున్నావయ్యా? అందరం ఉత్తరాన ఉంటే? నిన్ను కూడా ఇటే రమ్మన్నాం కదా."

"విన్నాను," అని రుఫీనో రేడియో కట్టేశాడు.

తండ్రీ కూతుళ్ళు ఒకే దుప్పట్లో ఒకరినొకరు పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. నెరేదా చుక్కాని దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"ఇటు వచ్చామని మీకెలా తెలిసింది?"

"కొబ్బరికాయలు," అన్నాడు రుఫీనో.

ఆమె అర్థంకానట్టు చూసింది.

"రంగు పూసి వదిలేవాణ్ణి కొస దగ్గర. గాలి తిరిగే రోజు వచ్చినప్పుడల్లా. వాటి వెనకాలే పోయేవాణ్ణి. మొదట్లో తప్పిపోయేవి. తరవాత్తరవాత కాయలకి జెండాలు కట్టాను." అతను నీళ్ళ మీదనుంచి చూపు తియ్యకుండానే మాట్లాడుతున్నాడు. "మామూలు రోజుల్లో నీళ్ళు ఉత్తరానికే. గాలి మారే రోజు మాత్రం నీళ్ళు ముందే మారతాయి. పైన గాలి ఇంకా పడకముందే. కొస చుట్టూ తిరిగి ఇటొచ్చి, ఇక్కణ్ణించి దక్షిణానికి, బెలీజు దేశం వైపుకి. ప్రతిసారీ ఇంతే."

"ఆ రోజు..."

"ఆ రోజు అందరం ఉత్తరాన వెతికాం. నేను కూడా."

నెరేదా పడవ అంచు పట్టుకుంది. "అయితే ఆయన ఇటు ఉన్నాడు."

"ఉండే ఉంటాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే? బతికుండగా వెతకాల్సిన చోట వెతకలేదని తెలిసేది నీకు. నన్ను తిడితే తిట్టావు, అదేం కాదు. కనీసం నిద్రన్నా పడుతోంది నీకు అనుకున్నా."

ఆమె అతని వైపు తిరిగింది. "ఆ రోజు నేనన్న మాట..."

"అన్నావు. అందులో అబద్ధం ఏముంది. పడవలోకి నీళ్ళొస్తుంటే తోడటానికి వంగాను. తలెత్తేసరికి బుడగల్లేవు."

"ఇవాళ నేను కూడా చూపు తిప్పాను బావగారూ. గోడ మీంచి. మీరు వద్దన్నా వచ్చి."

రుఫీనో ఫ్లాస్కులో మిగిలిన కాఫీ ఆమె చేతికిచ్చాడు.

పుయెబ్లాకి తిరిగి వెళ్ళాక బల్తాసార్ నీళ్ళలో దిగడం మానేశాడని, ఆ సొర మాట మాత్రం కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ చెబుతున్నాడని మిరెయా కబురు చేసింది. కాసిమిరో ఆసుపత్రినుంచి వచ్చి తన పడవ తను ఎక్కాడు. నెరేదా కొన్నాళ్ళు పనికి పోలేదు. పడుకుంటే నిద్ర పట్టలేదు. రుఫీనో భయపడ్డది జరిగింది. కానీ ఆమె అతన్ని తిట్టుకోలేదు.

ఉత్తరపు గాలులు సద్దుమణిగిన ఒక ఉదయం రుఫీనో ఇంటికి వెళ్ళి, ఆ కొబ్బరికాయలు పోయిన చోటు చూపించమంది. అతను డీజిలు పోసుకున్నాడు. దీవి వెనక మాయమయ్యేదాకా పోయి, ఇంజను ఆపాడు. అక్కడ ఏమీ లేదు. నీళ్ళు, ఎండ. నెరేదా మాస్కు మాత్రం పెట్టుకుని దిగింది. ముఖం ముంచి కిందికి చూసింది. అడుగు లేదు. ఎండ చారలు కిందికి పోయి పోయి ఒక చోట కలిసిపోతున్నాయి. అక్కడ చాలాసేపు తేలింది. ఏడుపు వచ్చింది. మాస్కులో నీళ్ళు నిండితే తీసి పారబోసుకుంది. పడవెక్కాక, "ఇంటికెళ్దాం. అత్తకి చెప్పాలి," అంది.

"నువ్వు చెబుతావా?"

"ఇద్దరం."

అత్తగారు గుమెర్సిందా వంటింట్లో పెనం ముందు ఉంది. ఈ ఇంట్లో పెద్దకొడుకూ చిన్నకోడలూ కలిసి గుమ్మం దాటడం ఆవిడ ఆరేళ్ళుగా చూడలేదు. పిండి ముద్ద అరచేతుల మధ్య తడుతూనే, కూర్చోమన్నట్టు బల్ల వైపు చూసింది. రుఫీనో మొదలుపెట్టి ఆగిపోతే నెరేదా అందుకుంది. నీళ్ళు తిరగడం గురించి, కొబ్బరికాయల గురించి, తాము వెళ్ళొచ్చిన చోటు గురించి చెప్పింది. దాచుకున్నది ఏమీ లేదు, అన్సెల్మో బతికే పైకి వచ్చి ఉంటాడన్న మాట తప్ప. అది మాత్రం చెప్పలేకపోయింది.

ముసలావిడ పెనం మీది రొట్టె తిరగేసింది. అది పొంగి, మళ్ళీ అణిగింది.

"అక్కడ నీళ్ళు చల్లగా ఉంటాయా?" అంది.

"లేదత్తా," అంది నెరేదా. "వెచ్చగానే ఉన్నాయి."

ఆవిడ తలాడించి, ఇద్దరి కోసం ఇంకో రెండు ముద్దలు పిండి తీసుకుంది.